అద్దె కారుతో యూరప్‌లో దేశం దాటుతున్నారా? ముందే చూసుకోవాల్సినవి ఇవీ

మ్యూనిక్‌లో కారు అద్దెకు తీసుకుని బయల్దేరితే రెండు గంటల్లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ చేరుకోవచ్చు. దేశం మారిందని చెప్పేది దారి పక్కన ఉన్న నీలం బోర్డు ఒక్కటే. అంతమాత్రాన సరిహద్దు లేదనుకోకూడదు. షెంజెన్ ఒప్పందం పాస్‌పోర్టు తనిఖీలను తీసేసింది గానీ కారు అద్దె షరతులు, బీమా, టోల్ నిబంధనలను ఒకటి చేయలేదు. భారతీయ పాస్‌పోర్టుతో వెళ్లేవారికి వీసా చిక్కు అదనం.

లైసెన్సు, పాస్‌పోర్టు

భారతీయ లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకెళ్లడం మంచిది. దీన్ని మన రవాణా శాఖే ఇస్తుంది. గరిష్ఠంగా ఏడాది చెల్లుతుంది. అసలు లైసెన్సు లేకుండా ఈ పర్మిట్ ఒక్కటే చూపితే కుదరదు. షెంజెన్ లోపల కూడా పాస్‌పోర్టు దగ్గర ఉండాలి. జర్మనీ 2024 సెప్టెంబరులో తన భూసరిహద్దులన్నింటిలోనూ తాత్కాలిక తనిఖీలు మొదలుపెట్టింది. సాల్జ్‌బర్గ్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు కారు ఆపి అడగవచ్చు.

అద్దె ఒప్పందం

కారును ఏయే దేశాలకు తీసుకెళ్లవచ్చో ఒప్పందంలో ఉంటుంది. చాలా కంపెనీలు సరిహద్దు దాటడానికి విడిగా రుసుము తీసుకుంటాయి. ఖరీదైన మోడళ్లను కొన్ని దేశాలకు అసలు అనుమతించవు. అనుమతి లేని దేశంలో ప్రమాదం జరిగితే బీమా రక్షణ పోయి, నష్టం మొత్తం అద్దెకు తీసుకున్నవారి మీదే పడే ప్రమాదం ఉంది. అందుకే బుకింగ్ సమయంలోనే దారి మొత్తం చెప్పి, అనుమతిని రాతపూర్వకంగా తీసుకోవాలి. ఒక దేశంలో తీసుకున్న కారును మరో దేశంలో వదిలేస్తే అదనపు రుసుము భారీగానే ఉంటుంది.

టోల్

జర్మనీ హైవేలపై కార్లకు టోల్ లేదు. ఫ్రాన్స్, ఇటలీల్లో ఎక్కువగా మనలాగే టోల్ గేట్లు ఉంటాయి. ఆస్ట్రియా, స్లొవేనియా, స్విట్జర్లాండ్ వంటి దేశాల్లో గేట్లకు బదులు ‘విన్యెట్’ అనే కాలపరిమితి పాసు కొనాలి. ఆస్ట్రియాలో కొద్ది రోజుల పాసు దొరుకుతుంది. స్విట్జర్లాండ్‌లో ఒక్కరోజు తిరిగినా 40 ఫ్రాంకుల ఏడాది పాసే దిక్కు. స్విట్జర్లాండ్‌లో అద్దెకు తీసుకున్న కారుకు ఇది సాధారణంగా ఉంటుంది. జర్మనీ నుంచో ఫ్రాన్స్ నుంచో తెచ్చిన కారుకు ఉండకపోవచ్చు. పాసు లేదని పడే జరిమానా ముందు కంపెనీకి వెళ్తుంది. కంపెనీ దానికి తన సర్వీసు చార్జీ కలిపి మన క్రెడిట్ కార్డు నుంచి వసూలు చేస్తుంది.

షెంజెన్ గీత దాటితే

అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి. ప్రస్తుతం షెంజెన్‌లో 29 దేశాలున్నాయి. క్రొయేషియా 2023లో చేరింది. రొమేనియా, బల్గేరియాల భూసరిహద్దుల్లో తనిఖీలు 2025 జనవరి 1న తొలగిపోయాయి. బోస్నియా మాత్రం షెంజెన్ బయటే ఉంది. క్రొయేషియాలో స్ప్లిట్ నుంచి డుబ్రోవ్నిక్ వెళ్లే తీర మార్గం మధ్యలో బోస్నియాకు చెందిన నెయుమ్ పట్టణం వస్తుంది. 2022 జులైలో పెల్యెషాట్స్ వంతెన తెరిచాక ఆ దేశంలో అడుగుపెట్టకుండానే వెళ్లవచ్చు. సింగిల్ ఎంట్రీ షెంజెన్ వీసా ఉన్నవారు ఈ వంతెన దారినే పట్టాలి. పొరపాటున నెయుమ్ దారిలో వెళ్లినా, మోస్తార్ చూసొద్దామని బయల్దేరినా షెంజెన్ నుంచి బయటికి వెళ్లినట్టే. ఆ వీసాతో మళ్లీ క్రొయేషియాలోకి రానివ్వరు. మల్టిపుల్ ఎంట్రీ షెంజెన్ వీసా ఉంటే బోస్నియాలో 30 రోజుల వరకు ఉండి రావచ్చు. అల్బేనియా, ఉత్తర మాసిడోనియాల వైపు వెళ్లేవారు ‘గ్రీన్ కార్డ్’ అనే అంతర్జాతీయ బీమా పత్రాన్ని కంపెనీ నుంచి అడిగి తీసుకోవాలి.

ఐర్లాండ్‌ది మరో తీరు. డబ్లిన్ నుంచి బెల్‌ఫాస్ట్ దారిలో పాస్‌పోర్టు చూసే చెక్‌పోస్టు ఉండదు. కానీ బెల్‌ఫాస్ట్ బ్రిటన్‌లో భాగం. ఐరిష్ వీసా ఉందని అక్కడికి వెళ్లడం చట్టప్రకారం కుదరదు. వీసాపై ‘బీఐవీఎస్’ అని రాసి ఉంటేనే రెండు చోట్లా చెల్లుతుంది. సరిహద్దు దాటగానే వేగ పరిమితి బోర్డులు కిలోమీటర్ల నుంచి మైళ్లకు మారతాయన్నదీ గుర్తుంచుకోవాలి.

కాబట్టి కారు బుక్ చేసే ముందు వీసాలో ఎన్ని ఎంట్రీలున్నాయో చూసుకోవాలి. తర్వాత ఒప్పందంలోని దేశాల జాబితా, ఆపైన టోల్ పాసు. దారిలో ప్రమాదం ఎదురైతే యూరోపియన్ యూనియన్ దేశాలన్నింటిలోనూ 112కు ఫోన్ చేస్తే చాలు.