గట్టు, పట్టా, చట్టం: అనకాపల్లి సీమలో భూమి హక్కు నడిచిన దారి

2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా నుంచి విడివడిన అనకాపల్లి జిల్లా నేటి పటంలో ఒకే ముక్కగా కనిపించినా, భూమి హక్కు చరిత్ర దృష్ట్యా అది రెండు భిన్న సీమల కలయిక. అనకాపల్లి, చోడవరం, మాడుగుల వైపు గ్రామాలు చాలావరకు బ్రిటిష్ పాలన ముగిసేదాకా జమీందారీల కింద ఉండగా, నర్సీపట్నం కేంద్రంగా ఉన్న గొలుగొండ తాలూకా, యలమంచిలి కేంద్రంగా ఉన్న సర్వసిద్ధి తాలూకా 19వ శతాబ్దిలోనే ప్రభుత్వ తాలూకాలుగా మారాయి. ఒక వైపు రైతు శిస్తు జమీందారుకు చేరితే, మరో వైపు నేరుగా సర్కారుకు చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇటీవల భూ హక్కుల చట్టం వచ్చి, అమలు మొదలైన తొమ్మిది నెలలలోపే రద్దుకు గురైన తీరును అర్థం చేసుకోవాలంటే ఈ రెండు సీమల లెక్కలను ముందుగా చూడవలసి ఉంటుంది.

1802లో మద్రాసు ప్రభుత్వం చేసిన 25వ రెగ్యులేషన్ ఉత్తర సర్కారులలో శాశ్వత పరిష్కారాన్ని ప్రవేశపెట్టింది. జమీందారు ఏటా ప్రభుత్వానికి చెల్లించవలసిన మొత్తాన్ని, అంటే పేష్కషును, ఎన్నటికీ పెరగకుండా ఖరారు చేసి, అందుకు గుర్తుగా అతనికి సన్నదు ఇవ్వడం ఈ ఏర్పాటులోని సారాంశం. అదే ఏడాది వచ్చిన 30వ రెగ్యులేషన్ జమీందారులు రైతులకు పట్టాలివ్వాలని నిర్దేశించినా, జమీందారు బాకీని శాశ్వతంగా నిర్ణయించిన చట్టం రైతు హక్కును అంత గట్టిగా నిర్ణయించలేదు. ఊరి లెక్కలు రాసే కరణం 29వ రెగ్యులేషన్ పరిధిలోకి వచ్చాడు గాని, ఎస్టేటు గ్రామంలో అతని కలం ఎక్కువగా దివాణం వైపే మొగ్గేది. పేష్కషు బకాయి పడిన ఎస్టేటును వేలం వేయవచ్చుననే నిబంధన వల్ల పలు ఎస్టేట్లు చేతులు మారాయి. గొలుగొండ సీమ ప్రభుత్వ పరమైంది కూడా అటువంటి ఒత్తిళ్ల మధ్యనే. భూమి దున్నే కుటుంబం తరతరాలుగా అక్కడే ఉన్నా, కాగితం మీద మారుతూ వచ్చింది యజమాని పేరు.

రైతు అనుభవానికి, అంటే భూమి వాస్తవంగా ఎవరి సాగులో ఉన్నదనే స్థితికి, చట్టంలో స్పష్టమైన చోటు దక్కింది 1908 మద్రాసు ఎస్టేట్ల భూముల చట్టంతోనే. జమీందారు సొంత కమతం కాని సాగుభూమిలో ఉన్న రైతుకు శాశ్వత సాగు హక్కు ఉందని అది గుర్తించింది. ఈ ప్రాంతంలో నేటికీ పట్టా భూమిని ‘జిరాయితీ’ అనే పాత మాటతోనే పిలుస్తారు. శిస్తుల భారం, నీటి తగాదాలు, వెట్టి వంటి ఫిర్యాదులు ఆగకపోవడంతో 1937లో ఏర్పడిన కాంగ్రెస్ మంత్రివర్గం టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన విచారణ సంఘాన్ని నియమించింది. భూమికి నిజమైన హక్కుదారు రైతేనని, జమీందారు శిస్తు వసూలుదారు మాత్రమేనని 1938లో ఆ సంఘం తేల్చి చెప్పింది. 1947 నాటి శిస్తు తగ్గింపు చట్టం, 1948 నాటి ఎస్టేట్ల రద్దు, రైత్వారీ మార్పిడి చట్టం ఆ తీర్మానానికి ఫలితాలు.

ఈ 1948 చట్టం పనిచేసిన తీరును కొంత దగ్గరగా చూడడం అవసరం. ఎస్టేటును ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నట్టు ప్రకటించిన రోజున జమీందారు హక్కులన్నీ రద్దయి భూమి ప్రభుత్వానికి సంక్రమించేది. ఆ తర్వాత సెటిల్మెంటు అధికారులు ఊరికి వచ్చి సర్వే చేసి, 11వ సెక్షన్ కింద సాగులో ఉన్న రైతుకు, 12వ సెక్షన్ కింద సొంత కమతం ఉన్న జమీందారుకు రైత్వారీ పట్టాలిచ్చేవారు. రద్దు తప్పదని గ్రహించిన జమీందారులు చివరి క్షణంలో తమవారిని భూముల్లోకి దించే ప్రమాదం ఉండడంతో, 1945 జూలై 1న గాని ఆ తర్వాత గాని జమీందారు ద్వారా భూమిలో ప్రవేశించిన వారికి సాధారణంగా పట్టా హక్కు లేకుండా చట్టం గీత గీసింది. ఈ విచారణ ఫలితం నమోదైన పుస్తకమే సెటిల్మెంట్ ఫెయిర్ అడంగల్. రెవెన్యూ కార్యాలయాల వాడుకలో దాని పేరు ఎస్‌ఎఫ్‌ఏ. పూర్వపు ప్రభుత్వ గ్రామాల్లో మూల రికార్డు ఆర్‌ఎస్‌ఆర్, అంటే రీసెటిల్మెంట్ రిజిస్టర్. హక్కుదారు పేరు రాయవలసిన గడిలో చుక్కలు మాత్రమే పెట్టి వదిలిన భూములు ఈ రిజిస్టర్లలోనివే. ‘చుక్కల భూములు’గా పేరుపడిన ఆ చిక్కును విప్పడానికి 2017లో శాసనసభ ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది.

రికార్డు ఎంత ముఖ్యమో కొలత కూడా అంతే ముఖ్యం. పాత సర్వే 66 అడుగుల గొలుసుతో సాగేది. గొలుసుకు 100 లింకులు, పది చదరపు గొలుసులు ఒక ఎకరం, ఎకరంలో నూరో వంతు ఒక సెంటు, అంటే 48.4 చదరపు గజాలు. ప్రతి సర్వే నంబరుకూ పొలం కొలతల పుస్తకంలో, అంటే ఎఫ్‌ఎంబీలో, ఒక పటం ఉండేది గాని, అన్నదమ్ములు పంచుకున్నప్పుడల్లా గట్టు మారినా పటం మారలేదు. 1971లో పట్టాదారు పాసుపుస్తకాల చట్టం వచ్చి హక్కుల రికార్డుకు రూపమిచ్చినా, 1984లో వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థ రద్దయ్యాక కరణం ఇంటి పెట్టెలోని లెక్కలు అన్ని ఊళ్లలోనూ చెక్కుచెదరకుండా కార్యాలయానికి చేరలేదు.

ఈ నేపథ్యంలో 2020 డిసెంబరు 21న రాష్ట్ర ప్రభుత్వం డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలతో పనిచేసే రోవర్ల సాయంతో సమగ్ర రీసర్వేను ప్రారంభించింది. దానికి జోడీగా వచ్చినదే భూ హక్కుల చట్టం, వాడుకలో ల్యాండ్ టైట్లింగ్ యాక్టు. మన దేశంలో 1908 రిజిస్ట్రేషన్ చట్టం దస్తావేజును నమోదు చేస్తుందే గాని హక్కుకు పూచీ ఇవ్వదు. అందువల్ల పట్టా, పాసుపుస్తకం, దస్తావేజు అన్నీ ఉన్నా వాటిని కోర్టులో సవాలు చేయవచ్చు. దీన్ని భావిత హక్కు అంటారు. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టారెన్స్ ప్రవేశపెట్టిన పద్ధతిలో రిజిస్టరులోని నమోదే తిరుగులేని హక్కు. ఆంధ్రప్రదేశ్ చట్టం ఈ రెండో దారిని ఎంచుకుని, రికార్డులోని పేరుపై రెండేళ్లలో అభ్యంతరం రాకపోతే అది ఖరారైనట్టు భావించాలని, వివాదాలను సివిల్ కోర్టులు కాక హక్కుల నమోదు అధికారి, ఆపై అప్పీలు అధికారి, చివరగా హైకోర్టు చూడాలని నిర్దేశించింది.

2023 అక్టోబరు 31 నుంచి చట్టం అమల్లోకి వస్తున్నట్టు ఉత్తర్వు వెలువడగానే న్యాయవాదులు రాష్ట్రవ్యాప్తంగా కోర్టు విధులు బహిష్కరించారు. గడువు గురించి తెలియని చిన్న రైతు, ఊరు విడిచి వలస వెళ్లిన కుటుంబం రెండేళ్లు మౌనంగా ఉంటే హక్కు పోతుందన్నది, న్యాయమూర్తి చేయవలసిన నిర్ణయం రెవెన్యూ అధికారి చేతికి వెళ్తుందన్నది వారి ప్రధాన అభ్యంతరాలు. 2024 ఎన్నికల్లో ఈ చట్టం ప్రచారాంశమైంది. కొత్త ప్రభుత్వం జూన్ 13న రద్దు ఫైలుపై సంతకం చేసింది, జూలై 24న శాసనసభ రద్దు బిల్లును ఆమోదించింది. పేదలకిచ్చిన డి-పట్టా భూముల అమ్మకాన్ని నిషేధించిన 1977 చట్టానికి 2023లో చేసిన సవరణ ఇరవై ఏళ్లు దాటిన పట్టాలకు పూర్తి హక్కు కల్పించగా, ఆ మేరకు జరిగిన లావాదేవీలపై కూడా 2024లో విచారణ మొదలైంది.

రద్దు వల్ల తిరుగులేని హక్కు అనే ఆలోచన తప్పని రుజువు కాలేదు, పాత పద్ధతి చాలునని కూడా తేలలేదు. 1948 చట్టం ముందు ఊరికి వెళ్లి, సాగులో ఎవరున్నారో విచారించి, ఆ తర్వాత పట్టా ఇచ్చింది. అందుకే ఎస్టేటు గ్రామాల్లో ఎస్‌ఎఫ్‌ఏ మాట నేటికీ చెల్లుతుంది. 2022 నాటి భూ హక్కుల చట్టం రికార్డు శుద్ధి పూర్తి కాకముందే ఆ రికార్డుకు తుది ముద్ర వేయబోయింది. రెండు రకాల మూల పుస్తకాలున్న అనకాపల్లి వంటి జిల్లాలో ఆ వరుస తలకిందులైతే నష్టపోయేది కాగితం తక్కువ, అనుభవం ఎక్కువ ఉన్న రైతే. ముందు గట్టు, తర్వాత పట్టా, ఆ పైన చట్టం: రాబోయే ఏ భూసంస్కరణకైనా ఈ వరుస తప్పనిసరి.