మూల అలమర: సూరత్ రేవు నుంచి మన గదిలోకి

గదిలో మూలకు మనవాళ్లు అప్పగించిన పని చాలా చిన్నది. చీపురు, చుట్టేసిన చాప, విరిగిన గొడుగు. వాస్తు చెప్పేవాళ్లు ఈశాన్యం ఖాళీగా ఉంచమంటారు, నైరుతిలో బరువు పెట్టమంటారు. ఆ బరువు ఏ ఆకారంలో ఉండాలో మాత్రం వాళ్లు పట్టించుకోలేదు. రెండు గోడల మధ్య ఒదిగి, ముందు తలుపు బిగించుకుని నిలబడే ముక్కోణపు అలమర మన ఇళ్లలో పుట్టింది కాదు. మనకు భోషాణం ఉండేది, అటక ఉండేది, మందపాటి గోడలో గూళ్లు ఉండేవి. సూరత్ పాతబస్తీ ఇళ్లలోనూ ఇదే తీరు. గోడలో గూడు, కట్నంగా వచ్చే ఇత్తడి రేకుల పటారా పెట్టె. నేల మీద కూర్చుని తిని, నేల మీదే పడుకునే ఇంటికి నిలువెత్తు అలమరతో పనేముంది?

పని పడింది హాలండు, ఇంగ్లండు ఇళ్లలో. 17వ శతాబ్దం చివరికి అక్కడ మూల అలమరలు కనబడడం మొదలైంది. తర్వాతి వందేళ్లలో అవి మధ్యతరగతి ఇళ్లలోకీ చేరాయి. చిన్నవాటిని మూలలో గోడకే వేలాడదీసేవాళ్లు. ఫ్రాన్సులో వాటిని జంటలుగా చేయించి, పైన పాలరాయి పలక పరిచారు. ఈ ముచ్చటకంతా మూలం చైనా పింగాణి. ఖరీదైన కప్పులు, పళ్లేలు కొన్నాక వాటిని నలుగురికీ కనబడేలా పెట్టాలి, పిల్లల చేతికి అందకుండానూ ఉంచాలి. ఆ పింగాణీ, తేయాకూ ఓడల్లో మోసుకెళ్లిన కంపెనీలకే సూరత్‌లో వర్తకపు కోఠీలు ఉండేవి. 1613లో జహంగీర్ ఫర్మానాతో ఇంగ్లీషు కంపెనీ ఇక్కడ కుదురుకుంది, డచ్చివాళ్లు కొద్ది కాలానికే వచ్చారు. బల్ల, కుర్చీ, సొరుగుల పెట్టె లేకుండా ఉండలేని ఈ మనుషులు నమూనా చూపించి స్థానిక వడ్రంగులతో సామాను చేయించుకున్నారు.

అయితే గుజరాతీ వడ్రంగికి ఈ పని నేర్పింది వాళ్లేనని అనుకుంటే పొరపాటు. అప్పటికే పోర్చుగీసువాళ్లు ఆ ప్రాంతం నుంచి సొరుగుల పెట్టెలూ, రాతబల్లలూ తెప్పించుకునేవాళ్లు. 1583 నుంచి 1588 దాకా గోవాలో ఉన్న డచ్చివాడు లిన్షోటెన్, గుజరాత్ నుంచి వచ్చే ముత్యపుచిప్ప తాపిన పెట్టెల గురించి రాసిపెట్టాడు. పరాయివాడి ఇంటికి సామాను చేయడం, తన ఇంట్లో అది లేకపోవడం. ఈ రేవు వడ్రంగి బతుకు మూడు నాలుగు వందల ఏళ్లు ఇలాగే నడిచింది.

సూరత్‌కు తనదే అనదగ్గ పని సాడేలీ. ఇరాన్‌లోని షిరాజ్ నగరపు ఖాతమ్ పనికి ఇది చుట్టం. సింధు మీదుగా వచ్చిందనీ, పారసీ వర్తకుల ఆదరణలో సూరత్‌లో నిలిచిందనీ చెబుతారు. చేసే తీరు వింటే మొదట నమ్మబుద్ధి కాదు. నల్లచేవ, గంధపుచెక్క, దంతం, ఆకుపచ్చ రంగు పట్టించిన ఎముక, తగరం, ఇలా ఒక్కోదాన్నీ సన్నని పుల్లలుగా చీరుస్తారు. ఎక్కువ పుల్లలు ముక్కోణపువే. వాటిని జిగురుతో కట్టగా అతికిస్తే కట్ట కొసన ఒక నక్షత్రమో షట్కోణమో తేలుతుంది. జిగురు ఆరాక అరటి దూటను చక్రాలుగా కోసినట్టు కట్టను అడ్డంగా సన్నరంపంతో కోస్తారు. వచ్చిన ప్రతి బిళ్లలోనూ అదే నక్షత్రం. ఆ బిళ్లలను గంధపుచెక్క పెట్టె మీద పక్కపక్కన అతికి, అరగదీసి మెరుగుపెడతారు. దూరం నుంచి అచ్చు వేసినట్టుంటుంది, దగ్గరికెళితే ఒక్కో చుక్కా ఒక్కో పుల్ల. ఇంగ్లండులోని టన్‌బ్రిడ్జ్ వెల్స్ వడ్రంగులు 19వ శతాబ్దంలో ఇదే కిటుకుతో పెట్టెలు చేసి పేరు తెచ్చుకున్నారు.

ఈ పనికి పెద్ద కార్ఖానా ఎప్పుడూ లేదు. ఇంటి ముందుగదే పనిచోటు, తండ్రి పక్కన కూర్చుని కొడుకు నేర్చుకోవడమే బడి. పెట్టెలు చేసే కుటుంబాలకు పేటీగరా అన్నది ఇంటిపేరైంది. తీరా 19వ శతాబ్దంలో వ్యాపారం బొంబాయికి తరలిపోయాక ఇంగ్లండు అంగళ్లలో ఈ సరుకు పేరు ‘బొంబాయి పెట్టెలు’. సూరత్ పేరు మాయమైంది.

పేరే కాదు, మనుషులూ అలాగే వెళ్లారు. సూరత్‌లో ఓడలు కట్టే మేస్త్రీ లవ్‌జీ నస్సర్వాన్‌జీ వాడియాను 1736లో కంపెనీ బొంబాయికి తీసుకెళ్లింది. బొంబాయి ఓడరేవులో మరమ్మతు గోదీ (డ్రై డాక్) ఆయన చేతుల మీదుగా లేచింది. ఆయన వంశంవాళ్లు టేకుతో కట్టి 1817లో నీళ్లలోకి దించిన ట్రింకోమలీ ఓడ ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో ఇవాళ్టికీ తేలుతోంది. రెండు వందల ఏళ్లు! టేకులోని నూనె చెదను దగ్గరికి రానివ్వదు, లోపలి ఇనుప మేకును తుప్పు పట్టనివ్వదు. సూరత్‌కు ఆగ్నేయాన డాంగ్ అడవులు ఈ కలపకు నెలవు. అక్కడి కలపను దించుకోవడానికే బరోడా గైక్వాడ్ ప్రభుత్వం బిలిమోరా నుంచి వఘయీ దాకా చిన్న రైలుమార్గం వేయించింది, అది 1913లో నడక మొదలుపెట్టింది. గుజరాత్ అడితీల్లో ‘వల్సాడీ సాగ్’ అంటే ఇప్పటికీ ధర పెంచి చెబుతారు.

ఇదే కథ మన తీరంలోనూ నడిచింది. విశాఖపట్నం కంసాలులు దంతం తాపి చేసిన రాతబల్లలు, అలమరలు, కుర్చీలు 18వ శతాబ్దంలో ఇంగ్లండు దాకా వెళ్లాయి. 1756లో ఆ ఊరు చూసిన జాన్ కోర్నీల్ అనే సైనికాధికారి అక్కడి అద్దకం బట్టలతో పాటు ఈ తాపడం పనినీ మెచ్చుకున్నాడు. విశాఖవాళ్ల తీరు వేరు. సూరత్‌లో పుల్లలు పేర్చి బొమ్మ పుట్టిస్తే, విశాఖలో దంతపు పలక మీద సన్నగా గీసి గీతల్లో నల్లలక్క నింపేవాళ్లు. పువ్వులూ తీగలూ అద్దకం బట్టల మీదివే. నా లెక్కలో ఊహ విశాఖది, ఓపిక సూరత్‌ది. ఈ తీర్పుతో రెండు ఊళ్లవాళ్లకూ కోపం వస్తే రానీ.

1837లో సూరత్‌లో రేగిన మంటలకు 9 వేలకు పైగా ఇళ్లు కాలిపోయాయి. చెక్క ఇళ్లు కదా, లోపలి సామానూ వాటితోనే పోయింది. దంతం సంగతి చట్టం తేల్చింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో తెచ్చిన సవరణతో బయటి దేశాల దంతం వ్యాపారం కూడా మూతపడింది. ఏనుగు పక్షాన చూస్తే ఇది ఎప్పుడో జరగాల్సింది. సూరత్ పనివాళ్లు ప్లాస్టిక్కుకూ ఎముకకూ మారి, ఏదోలా బతికారు. విశాఖ దంతపు పని నిలవలేదు.

సూరత్ ఇళ్ల మూలల్లోకి అలమర వచ్చింది కాచనక్కర్లేని జిగురూ ప్లైవుడ్డూ అందుబాటులోకి వచ్చాకే. అంతకుముందు వడ్రంగి ఎముకలూ తోళ్లూ ఉడికించి తీసిన సరేసును పనిచోట కాచుకునేవాడు, ఆ కంపుకు ఇంట్లోవాళ్లు గొణిగేవాళ్లు. 1959లో ఫెవికాల్ వచ్చింది, పొయ్యి ఆరింది. ప్లైవుడ్‌ను తిట్టడం చెక్కపని మీద రాసేవాళ్లకు అలవాటు, నేను తిట్టను. సాంచాలు (మరమగ్గాలు) నడపడానికి తెలంగాణ నుంచి వచ్చి సూరత్‌లోని లింబాయత్‌లో స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాలకు టేకు అలమర ఎవరు చేసిస్తారు? ఒకటి రెండు గదుల ఇంట్లో ఖాళీగా దొరికే చోటు మూల ఒక్కటే.

ఇంట్లోనే ఒకటి చేసుకోవాలనుకునేవాళ్లకు రెండు మాటలు. మూల సరిగ్గా మూలమట్టంగా ఉందని నమ్మవద్దు, గోడకు పూత పూసిన మేస్త్రీని బట్టి అది అటో ఇటో ఉంటుంది. మూల నుంచి ఒక గోడ మీద 3 అడుగులు, రెండో గోడ మీద 4 అడుగులు కొలిచి గుర్తు పెట్టండి. రెండు గుర్తుల మధ్య దూరం సరిగ్గా 5 అడుగులు రావాలి. రాకపోతే అట్టముక్కను మూలలో ఒదిగేలా కత్తిరించి, చెక్కను ఆ అట్ట ప్రకారం కోయండి. రెండు గోడల వెంట 2 అడుగుల చొప్పున తీసుకుంటే ముందుభాగం సుమారు 34 అంగుళాలు, మధ్యలో లోతు 17 అంగుళాలు. ఆ ముందుభాగం రెండు కొసలూ కత్తిలా మిగులుతాయి, వాటిని రెండంగుళాలు తెగ్గోసి నిలువు పట్టీ పెడితే తలుపు బందులకు పట్టు దొరుకుతుంది. 8 అడుగులకు 4 అడుగుల ప్లైవుడ్ పలకలో 2 అడుగుల చదరాలు ఎనిమిది వస్తాయి. ఒక్కో చదరాన్నీ కర్ణం మీద కోస్తే రెండు అరలు, రంపం తినేది పోను పదహారు అరలు. మొత్తం వ్యర్థం చారెడు పొట్టు. ముక్కోణంతో పొదుపు చేయడం సాడేలీ పనివాళ్లకు ఎప్పుడో తెలిసిన సంగతే.

కింద కాళ్లు పెట్టడం మరువకండి. 2006లో తాపీ నది పొంగి సూరత్‌లో చాలా భాగం మునిగింది, నీళ్లలో నానిన మామూలు ప్లైవుడ్ పొరలు విచ్చుకుంటుంది. వీలైతే చట్రం టేకుతో, అరలు ప్లైవుడ్‌తో చేయండి. డబ్బు సరిపోక ఒక్కచోటే పెట్టాలంటే చట్రం మీద పెట్టండి, తలుపు మీది మైకా మీద కాదు.

సూరత్ సాడేలీకి భౌగోళిక గుర్తింపు దక్కింది, చేసే కుటుంబాలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. చీరల బేరానికి అక్కడికి వెళ్లే తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. బేరం ముగిశాక ఒక పూట సాడేలీ చేసే ఇల్లు అడిగి వెళ్లండి. కొనకపోయినా ఫరవాలేదు, అతికించని బిళ్ల ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూడండి. అచ్చువేసిన కాగితమైతే బొమ్మ ఒకవైపే ఉంటుంది, అసలు పనైతే వెనకవైపూ అదే నక్షత్రం కనబడుతుంది.