రెండు గడపలు, ఒక న్యాయస్థానం: ట్రినిడాడ్ న్యాయవ్యవస్థలో కుటుంబ న్యాయస్థానం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

కరేబియన్ ప్రాంతంలోని ట్రినిడాడ్, టొబాగో దేశంలో కుటుంబ వివాదాలు చాలాకాలం రెండు వేర్వేరు న్యాయస్థానాల మధ్య చీలి ఉండేవి. ఆస్తి, నమోదైన వివాహం ఉన్నవారు హైకోర్టుకు వెళ్లేవారు. అవి లేనివారు మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లేవారు. ఈ చీలిక బానిసత్వం, ఒప్పంద కూలీ విధానం, ఆంగ్లేయ న్యాయశాస్త్రం కలిసి ఏర్పరచిన సామాజిక విభజనకు ప్రతిరూపమని, 2004లో ఏర్పడిన కుటుంబ న్యాయస్థానాన్ని ఆ చరిత్ర నేపథ్యంలోనే అర్థం చేసుకోవాలని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కుటుంబ న్యాయస్థానం, ట్రినిడాడ్, ఒప్పంద కూలీలు, వివాహ నమోదు, మనోవర్తి, మేజిస్ట్రేట్ కోర్టు.

1. ఉపోద్ఘాతం

ట్రినిడాడ్, టొబాగో 1962 ఆగస్టు 31న స్వాతంత్ర్యం పొంది, 1976లో గణతంత్రమైంది. దాని న్యాయవ్యవస్థ నిర్మాణం మాత్రం బ్రిటిష్ పాలనాకాలపు పునాదులమీదే నిలిచింది. అట్టడుగున మేజిస్ట్రేట్ కోర్టులు, వాటిపైన ‘సుప్రీంకోర్ట్ ఆఫ్ జ్యుడికేచర్’ ఉన్నాయి. ఈ పేరు భారతీయ పాఠకులను కొంత తికమక పెట్టవచ్చు. అక్కడ సుప్రీంకోర్టు అంటే అంతిమ న్యాయస్థానం కాదు. హైకోర్టు, అప్పీలు కోర్టు అనే రెండింటికీ కలిపి పెట్టిన పేరు. అంతిమ అప్పీలు నేటికీ లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ న్యాయసంఘానికే వెళుతుంది.

ఈ నిర్మాణంలో కుటుంబ న్యాయస్థానం ఏ మెట్టుమీద ఉందన్న ప్రశ్నకు చట్టపరమైన సమాధానం ఇవ్వడం తేలిక. అది ఆ మెట్టుకు ఎలా చేరిందన్నది చరిత్రకు సంబంధించిన విషయం. ఎవరి కుటుంబాన్ని చట్టం కుటుంబంగా గుర్తించింది, ఎవరి కుటుంబాన్ని గుర్తించలేదు అన్న వివక్ష ఈ ప్రశ్నతో ముడిపడి ఉంది. కనుక పరిశీలనను న్యాయస్థానం స్థాపనతో కాక అంతకు చాలా ముందునుండి ఆరంభించవలసి ఉంది.

2. బానిసత్వం: గుర్తింపు లేని కుటుంబం

ట్రినిడాడ్ 1797 వరకు స్పెయిన్ అధీనంలో ఉండేది. ఆ ఏడాది బ్రిటిష్ వశమై, 1802 సంధితో అధికారికంగా బ్రిటన్‌కు దక్కింది. కాథలిక్ మతప్రభావం, స్పానిష్ న్యాయసంప్రదాయం ఆ తరువాత కూడా కొన్ని దశాబ్దాలు నిలిచాయి. తోటలలో పనిచేసిన ఆఫ్రికన్ బానిసలకు తల్లి ఉండేది, బిడ్డలు ఉండేవారు. అయితే యజమాని ఇష్టం ముందు ఆ బంధాలు నిలిచేవి కావు. బిడ్డ తల్లి బానిసత్వాన్ని వారసత్వంగా పొందేవాడు. తండ్రికి చట్టంలో స్థానమే లేదు. 1824లో ట్రినిడాడ్‌కోసం బ్రిటిష్ ప్రభుత్వం జారీచేసిన ఉత్తర్వు బానిసల వివాహానికి కొంత అవకాశమిచ్చినా, దాని ప్రభావం స్వల్పం.

1834లో విముక్తి ప్రకటన, 1838లో నిర్బంధ శిక్షణకాలం ముగింపు తరువాత కూడా అధికసంఖ్యాకులు చర్చిలో వివాహం చేసుకోకుండానే కలిసి జీవించారు. పెళ్లి ఖర్చు, భూమిలేమి, తోటపనిలో నిలకడలేని బతుకు ఇందుకు కారణాలు. ఇటువంటి కుటుంబాలలో తల్లి, అమ్మమ్మలే ఆధారం. జమైకాలోని కుటుంబ జీవనంపై ఎడిత్ క్లార్క్ 1957లో వెలువరించిన గ్రంథానికి ‘మై మదర్ హూ ఫాదర్డ్ మీ’ అని పేరు పెట్టడం ఈ వాస్తవానికి అద్దం పడుతుంది. ఆంగ్లేయ న్యాయశాస్త్రం దృష్టిలో మాత్రం వివాహం వెలుపల పుట్టిన బిడ్డ ఎవరి బిడ్డా కాదు. సమాజంలో సర్వసాధారణమైన కుటుంబరూపం చట్టంలో అపవాదంగా మిగిలింది.

3. ఒప్పంద కూలీలు: నమోదుకాని పెళ్లిళ్లు

1845 మే 30న ‘ఫతేల్ రజాక్’ ఓడ భారతీయ కూలీలతో ట్రినిడాడ్ తీరం చేరింది. 1917లో ఈ విధానం నిలిచిపోయేసరికి సుమారు 1,44,000 మంది అక్కడికి చేరారు. అత్యధికులు కలకత్తా రేవునుండి ఓడ ఎక్కినవారు. మద్రాసు రేవునుండి వెళ్లినవారు తక్కువ. వారిలో తమిళులతోపాటు తెలుగువారు కూడా ఉన్నారు. అయితే ట్రినిడాడ్‌లో వీరందరూ ‘మద్రాసీ’లు అనే ఒకే పేరు కింద కలిసిపోయారు.

నూరుమంది పురుషులకు నలభైమంది స్త్రీలను పంపాలన్న నిబంధన ఉన్నా, స్త్రీ పురుష సంఖ్యల అసమతౌల్యం తోటల బారకాసులలో కుటుంబ జీవనాన్ని కల్లోలపరచింది. భర్తల చేతుల్లో స్త్రీలు హత్యకు గురైన ఉదంతాలు వలసపాలకులను కూడా కలవరపెట్టాయి. ఈ నేపథ్యంలో 1881లో వలసకూలీల వివాహ, విడాకుల ఆర్డినెన్సు వచ్చింది. దాని ప్రకారం పెళ్లి అధికారివద్ద నమోదైతేనే చట్టరీత్యా చెల్లుతుంది. పురోహితుడు లేదా ఖాజీ సమక్షంలో, బంధుమిత్రుల నడుమ జరిగిన పెళ్లికి మళ్లీ సర్కారు ముద్ర ఎందుకన్నది కూలీల ప్రశ్న. అధికసంఖ్యాకులు నమోదు చేయించుకోలేదు. ఫలితంగా వారి సంతానం చట్టం దృష్టిలో వివాహేతర సంతానమైంది. తండ్రి వీలునామా రాయకుండా మరణిస్తే, అతడు కొన్న చెరకు పొలంపై బిడ్డలు హక్కు నిరూపించుకోవడం కష్టమయ్యేది.

ముస్లిం వివాహాలకు 1930ల మధ్యలో, హిందూ వివాహాలకు 1945లో చేసిన చట్టంతో మతాచారం ప్రకారమే గుర్తింపు లభించింది. ఆఫ్రికన్ మూలాలున్న ఒరీషా మతస్థుల వివాహాలకు ఈ గౌరవం 1999లో గాని దక్కలేదు. మొదటి ఓడ వచ్చిన నాటినుండి లెక్కిస్తే హిందూ వధూవరులు నూరేళ్లు వేచి ఉండవలసి వచ్చింది.

4. రెండు గడపలు

వివాహాన్ని ఎవరికి గుర్తించాలన్న విభజన, వివాదాన్ని ఎక్కడ విచారించాలన్న విభజనగా పరిణమించింది. దీని మూలం ఇంగ్లండులో ఉంది. అక్కడ 1844 పేదల చట్ట సవరణ అవివాహిత తల్లి బిడ్డ పోషణకోసం స్థానిక మేజిస్ట్రేట్ ఎదుట బిడ్డ తండ్రిపై ఫిర్యాదు చేసే వీలు కల్పించింది. 1857 చట్టం విడాకులకోసం లండన్‌లో ప్రత్యేక న్యాయస్థానాన్ని నెలకొల్పింది. ఖర్చు భరించలేని వివాహిత స్త్రీలకు 1878, 1895 చట్టాలు మేజిస్ట్రేట్ కోర్టులోనే కొంత ఉపశమనం ఇచ్చాయి. సంపన్నులకు ఒక గడప, పేదలకు మరొక గడప అన్న ఈ ఏర్పాటు వలసరాజ్యాలకు దిగుమతి అయింది.

ట్రినిడాడ్‌లో విడాకుల బిల్లు 1931లో శాసనమండలి ముందుకు వచ్చినప్పుడు కాథలిక్ వర్గాలు తీవ్రంగా ప్రతిఘటించాయి. శ్రామికుల నాయకుడు కెప్టెన్ ఆర్థర్ సిప్రియాని కూడా బిల్లును వ్యతిరేకించడం ఆయన అనుచరులలో చీలికకు దారితీసింది. చివరకు బిల్లు నెగ్గింది. అయితే విడాకుల అధికారం హైకోర్టు స్థాయికే పరిమితమైంది. అధికసంఖ్యాక కుటుంబాలకు కావలసింది విడాకులు కాదు. విడాకులు తీసుకోవడానికి వారికి నమోదైన పెళ్లే లేదు. వారికి కావలసింది బిడ్డల పోషణకు వారం వారం అందే సొమ్ము. అందుకోసం తల్లి చిల్లరదొంగల, తాగి కొట్లాడినవారి కేసులు నడిచే మేజిస్ట్రేట్ కోర్టు వరండాలోనే తన పేరు పిలిచేవరకు కూర్చోవలసి వచ్చేది. సొమ్ము చెల్లించని తండ్రిపై వారెంటు, ఆపై జైలు అన్న క్రమం కూడా క్రిమినల్ విచారణ పద్ధతినే పోలి ఉండేది. జైలుకు వెళ్లిన తండ్రి సంపాదన ఆగిపోతే నష్టపోయేది మళ్లీ ఆ బిడ్డే.

5. మారిన చట్టాలు, మారని గడపలు

స్వాతంత్ర్యానంతరం చట్టాలలో గణనీయమైన మార్పులు వచ్చాయి. 1972 నాటి చట్టం దాంపత్యం తిరిగి అతకని విధంగా విరిగిపోవడాన్నే విడాకులకు ఆధారంగా స్వీకరించింది. 1981లో వచ్చిన రెండు చట్టాలు మరింత మౌలికమైనవి. వాటిలో ఒకటి వివాహంలో పుట్టిన బిడ్డకు, వెలుపల పుట్టిన బిడ్డకు మధ్య చట్టపరమైన భేదాన్ని తొలగించింది. మరొకటి మైనర్ల సంరక్షకత్వం, మనోవర్తి నియమాలను క్రమబద్ధం చేసింది. 1991లో గృహహింస నిరోధక చట్టం వచ్చి, 1999లో మరింత విస్తృతమైన చట్టానికి చోటిచ్చింది. 1998 సహజీవన సంబంధాల చట్టం వివాహం లేకుండా అయిదేళ్లు కలిసి జీవించిన, లేదా తమకు బిడ్డ కలిగిన స్త్రీ పురుషులకు మనోవర్తి, ఆస్తిపంపకం కోరే హక్కునిచ్చింది. ఒక శతాబ్దం పైగా చట్టం చూడనట్టు నటించిన కుటుంబరూపానికి దీనితో కొంత గుర్తింపు వచ్చింది.

హక్కులు పెరిగినా వాటిని అడిగే చోట్లు విడివిడిగానే ఉండిపోయాయి. భర్త కొట్టడంతో ఇల్లు విడిచిన ఒక వివాహిత స్త్రీని ఊహించుకుంటే సమస్య స్పష్టమవుతుంది. రక్షణ ఉత్తర్వుకోసం ఆమె మేజిస్ట్రేట్ కోర్టుకు, విడాకులకు, ఇంటిలో వాటాకు హైకోర్టుకు వెళ్లాలి. బిడ్డల సంరక్షణ, మనోవర్తి అంశాలు రెండుచోట్లా తలెత్తవచ్చు. ఒకచోట విన్న సంగతి మరొకచోటి న్యాయాధికారికి తెలియదు. ఒకే కుటుంబపు కష్టం రెండు మూడు దస్త్రాలుగా విడిపోయేది.

6. జమైకా మార్గం, ట్రినిడాడ్ మార్గం

ఈ సమస్యకు కరేబియన్‌లో మొదట పరిష్కారం వెదికిన దేశం జమైకా. మైకేల్ మాన్లీ ప్రధానిగా ఉన్నకాలంలో, 1975లో అక్కడ కుటుంబ న్యాయస్థాన చట్టం వచ్చింది. మరుసటి ఏడాదే బిడ్డలందరికీ సమాన హోదానిచ్చే చట్టం కూడా వచ్చింది. భారతదేశంలో కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చిందని గుర్తుచేసుకుంటే జమైకా చొరవ ఎంత ముందుదో తెలుస్తుంది. అయితే జమైకా ఈ న్యాయస్థానాన్ని మేజిస్ట్రేట్ స్థాయిలోనే నిలిపింది. సంరక్షణ, మనోవర్తి, బాలల వ్యవహారాలు దాని పరిధిలోకి వచ్చాయి. విడాకులు మాత్రం సుప్రీంకోర్టులోనే మిగిలాయి. పేదల గడప శుభ్రపడింది, సలహాదారులు వచ్చారు. రెండో గడప విడిగానే ఉండిపోయింది.

ట్రినిడాడ్ ఆలస్యంగా బయలుదేరినా మరొక దారి ఎంచుకుంది. 2004లో కుటుంబ వ్యవహారాల విచారణ చట్టం, మధ్యవర్తిత్వ చట్టం వచ్చాయి. అదే ఏడాది పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ప్రారంభమైన ప్రయోగాత్మక కుటుంబ న్యాయస్థానం హైకోర్టు అధికారాన్ని, మేజిస్ట్రేట్ అధికారాన్ని ఒకే భవనంలోకి తెచ్చింది. న్యాయమూర్తులు, మేజిస్ట్రేట్లు అక్కడే విచారణ జరిపారు. మధ్యవర్తులు, సామాజిక కార్యకర్తలు న్యాయస్థానంలో భాగమయ్యారు. బిడ్డలు వేచి ఉండేందుకు ప్రత్యేకమైన గది ఏర్పడింది. క్రిమినల్ కేసుల గుంపునుండి కుటుంబాలు వేరయ్యాయి. విడాకులకు వచ్చిన దంపతులు, పోషణ సొమ్ముకు వచ్చిన అవివాహిత తల్లి మొదటిసారి ఒకే గడప దాటి లోపలికి వచ్చారు.

7. ప్రయోగం నుండి విభాగంగా

ఈ మార్పుకూ పరిమితులున్నాయి. రాజధానిలో మొదలైన ప్రయోగం చాలా ఏళ్లు ప్రయోగంగానే సాగింది. ఒప్పంద కూలీల వారసులు అధికంగా నివసించే మధ్య, దక్షిణ ప్రాంతాల చెరకు గ్రామాలవారికి పాత పద్ధతే దిక్కయింది. వివాహంలో సామాజికవర్గ భేదం తొలగుతున్న సమయంలో ప్రాంతభేదం ముందుకు వచ్చిందని చెప్పవచ్చు.

2016లో వచ్చిన కుటుంబ, బాలల విభాగ చట్టం నిర్మాణపరంగా నిర్ణాయకమైనది. అది హైకోర్టులో ఒక ప్రత్యేక విభాగాన్ని సృష్టించి, కుటుంబ న్యాయస్థానాన్ని, బాలల న్యాయస్థానాన్ని దానిలో భాగాలు చేసింది. 2018లో బాలల న్యాయస్థానం పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌తోపాటు దక్షిణాన ఫైజాబాద్‌లోనూ ప్రారంభమైంది. ఒకప్పుడు మేజిస్ట్రేట్ వరండాకు పరిమితమైన పోషణ వివాదం దీనితో హైకోర్టు గౌరవం పొందింది. 2017లో నాలుగు వివాహ చట్టాలలోనూ కనీస వయస్సును 18 ఏళ్లకు పెంచడం కూడా ఈ క్రమంలోనిదే. అంతవరకు ముస్లిం బాలికకు 12, హిందూ బాలికకు 14, ఒరీషా బాలికకు 16 ఏళ్లకే వివాహం చెల్లేది. మతాచార వివాహానికి గుర్తింపు సాధించడం ఒక తరం పోరాటమైతే, ఆ గుర్తింపు మాటున బాలికకు జరిగిన అన్యాయాన్ని సవరించడం మరొక తరం బాధ్యత అయింది.

పై మెట్లలో మాత్రం పాత క్రమమే ఉంది. కరేబియన్ న్యాయస్థానం 2005లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్ కేంద్రంగానే ఏర్పడింది. బార్బడోస్, గయానా వంటి దేశాలు దానిని అంతిమ అప్పీలు న్యాయస్థానంగా స్వీకరించాయి. దానికి చోటిచ్చిన ట్రినిడాడ్ స్వీకరించలేదు. కనుక ఆ నగరంలో మొదలైన కుటుంబ వివాదం చివరిదాకా సాగితే, అదే నగరంలోని ప్రాంతీయ న్యాయస్థానాన్ని దాటి లండన్ చేరవలసిందే.

8. ముగింపు

పై పరిశీలననుండి మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, ట్రినిడాడ్ కుటుంబ న్యాయస్థానం ఉన్న మెట్లకు అదనంగా చేర్చిన కొత్త మెట్టు కాదు. విడిపోయిన రెండు అధికారాల కలయిక. రెండు, ఆ విభజన బానిసత్వం, ఒప్పంద కూలీ విధానం మిగిల్చిన సామాజిక దొంతరలను అనుసరించి సాగింది. మూడు, హక్కులను ప్రసాదించే చట్టాలు 1998 నాటికే చాలావరకు సిద్ధమైనా, వాటిని అడిగే స్థలం మారేవరకు వాటి ఫలం సామాన్యులకు పూర్తిగా అందలేదు.

కుటుంబ చట్టాల చరిత్రను సాధారణంగా శాసనాల వరుసగా రాయడం పరిపాటి. ట్రినిడాడ్ అనుభవం న్యాయస్థానపు గడపను కూడా చారిత్రక ఆధారంగా చదవాలని సూచిస్తుంది. ఒప్పంద కూలీలుగా దేశాంతరం వెళ్లిన తెలుగువారి కుటుంబ జీవనాన్ని అధ్యయనం చేసే పరిశోధకులకు వివాహ నమోదు పుస్తకాలు, మేజిస్ట్రేట్ కోర్టుల మనోవర్తి దస్త్రాలు ఈ దృష్టితో విలువైన ఆకరాలు కాగలవు. అందులోనూ నమోదుకాని పెళ్లిళ్లే ఎక్కువైన సమాజంలో, బిడ్డ పోషణకోసం ఒక తల్లి చేసిన ఫిర్యాదే ఆ కుటుంబం ఉనికికి మిగిలిన రాతపూర్వక సాక్ష్యం కావచ్చు.