బందరు బెల్లం కథ

మచిలీపట్నం చరిత్ర ఎవరు చెప్పినా ఓడలతోనే మొదలుపెడతారు. 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు, 1669లో ఫ్రెంచివాళ్ళు... ఎవరి తర్వాత ఎవరొచ్చారో వరసగా రాస్తే మార్కులు పడేవి. వాళ్ళెందుకొచ్చారయ్యా అంటే 'వ్యాపారానికి' అని ఒక్క ముక్క. ఏం వ్యాపారం? ఆ సరుకు ఎవరు చేశారు, దేంతో చేశారు? దానికి మార్కుల్లేవు కాబట్టి జవాబూ లేదు :)

బందరు చరిత్రని రేవులోంచి కాకుండా వంటింట్లోంచి, పెరట్లోంచి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుందని నా అభిప్రాయం. సరదాకి అంటున్న మాట కాదు. ఈ ఊరి పేరు మోసుకుని తిరిగే వస్తువులు ముఖ్యంగా రెండు. ఒకటి లడ్డూ, రెండోది అద్దకం బట్ట, అదే కలంకారీ. ఒకటి నోట్లో కరిగిపోయేది, ఇంకోటి మంచం మీద పరిచేది. ఈ రెండిటికీ ఏంటి సంబంధం అంటారా? రెండిట్లోనూ బెల్లం ఉంది.

లడ్డూలో బెల్లం సరే, బట్టలో బెల్లమేంటి అనుకుంటున్నారు కదూ. కలంకారీలో ఆ నల్లటి గీతలున్నాయే, అవి వచ్చేది బెల్లంతోనే. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కలిపి కుండలో రెండు మూడు వారాలు పులియబెడతారు. ఆ పులిసిన నీళ్ళని కసిం అంటారు. దాన్ని తెల్లబట్ట మీద అద్దితే నలుపు రాదు. ముందు ఆ బట్టని కరక్కాయ రసంలో, గేదెపాలు కలిపి, నానబెట్టి ఆరేసి ఉండాలి. కరక్కాయలోని వగరూ, కుండలోని ఇనుమూ కలిసినచోట నలుపు పుడుతుంది. మరి పాలెందుకు? పాలలోని వెన్న వల్ల రంగు బట్ట మీద పాకిపోకుండా గీసినచోటే నిలబడుతుంది. పలచటి కాగితం మీద ఇంకు పెన్నుతో రాస్తే అక్షరం చుట్టూ పాకుతుంది చూడండి, ఇక్కడ అలా కాకుండా కాపాడేది గేదెపాలు.

ఎరుపుది ఇంకా తమాషా. ఎర్రగా రావాల్సిన చోట అద్దేది ఎరుపు కాదు, పటిక నీళ్ళు. కొంచెం బంక కలిపి అద్దుతారు. అప్పటికి అక్కడ పెద్దగా ఏమీ కనపడదు. తర్వాత బట్ట మొత్తాన్నీ రంగు వేళ్ళతో కలిపి గాబులో ఉడకబెడితే, పటిక పడినచోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. మిగతా చోట్ల అంటిన కాస్త రంగూ ఉతుకుల్లో, ఎండలో పోతుంది. పసుపు కోసం కరకపువ్వు, దానిమ్మ తొక్క. నీలానికి నీలిమందు. మధ్యమధ్యలో ఎన్నిసార్లు ఉతుకుతారో లెక్కలేదు. ఉతుకంటే బకెట్లో కాదు, పారే నీళ్ళలో. అందుకే ఈ పని చేసే ఊళ్ళు కాలవల పక్కనే ఉంటాయి. ఇప్పటికీ బందరు పక్కన పెడనలో ఈ పని నడుస్తుంది.

మన భాషలో చెప్పాలంటే ఇది పది పదిహేను స్టెప్పుల ప్రాసెస్, ఎక్కడా అన్‌డూ లేదు. మూడో స్టెప్పులో చేసిన పొరపాటు పదో స్టెప్పులో, గాబులోంచి తీశాక గానీ కనపడదు. టెస్టింగ్ అంతా ప్రొడక్షన్‌లోనే. ఇదంతా ఒక్క పుస్తకంలో రాసుకోకుండా, తండ్రి చెయ్యి చూసి కొడుకు, అత్త చెయ్యి చూసి కోడలు నేర్చుకుంటూ తరాలపాటు నడిపించారు.

ఇప్పుడు పెరట్లోకి వద్దాం. ఒకప్పుడు ఈ తీరంలో ఎరుపు రంగు ఇచ్చింది చిరివేరు అనే చిన్న మొక్క. చూస్తే పిచ్చిమొక్క అనుకుని పీకి పారేస్తాం. ఇసక నేలల్లో పెరుగుతుంది. పైన జానెడు కూడా ఉండదు గానీ వేళ్ళు సన్నగా పొడుగ్గా లోతుకి దిగుతాయి. రంగంతా ఆ వేళ్ళ బెరడులోనే. గవ్వల సున్నం కలిసిన సముద్రపుటొడ్డు నేలలో పెరిగిన వేరు మంచి ఎరుపు ఇస్తుంది. ఎందుకంటే ఆ రంగు పటికతో గట్టిగా పట్టుకుని మెరవాలంటే సున్నం కావాలి. 1618 నుంచి 1622 దాకా బందరు ఇంగ్లీషు ఫ్యాక్టరీలో పెద్దగా ఉన్న విలియం మెత్‌వోల్డ్ తర్వాత గోలకొండ రాజ్యం గురించి రాస్తూ ఈ వేరునీ, దాంతో వేసిన రంగు ఎంత ఉతికినా పోకపోవడాన్నీ ప్రత్యేకంగా చెప్పాడు. వరి పండని, ఎవరికీ పనికిరాదనుకున్న ఇసక నేల అప్పటి ప్రపంచంలో అందరూ కావాలనుకున్న ఎరుపుని పండించిందన్నమాట.

మరి ఈ పనంతా చేసింది ఎవరు? ఫ్యాక్టరీ అని చదివి పొగగొట్టాలు ఊహించుకోకండి. ఆ రోజుల్లో ఫ్యాక్టరీ అంటే కంపెనీ ఏజెంట్లు ఉండే ఇల్లూ గిడ్డంగీ, అంతే. అసలు పని అద్దకంవాళ్ళ ఇళ్ళలో, వాకిళ్ళలో, కాలవగట్ల మీద జరిగింది. డచ్చి కంపెనీలో పనిచేసిన డేనియల్ హావర్ట్ 1693లో అచ్చయిన తన పుస్తకంలో పాలకొల్లు అద్దకంవాళ్ళ పనిని నత్తనడకతో పోలుస్తాడు. ముందు విసుక్కున్నట్టే ఉంటాడు గానీ, ఓపికంటే ఏంటో చూపించాలంటే వీళ్ళని చూపిస్తే చాలని చివరికి ఒప్పుకుంటాడు. డెడ్‌లైను మీదున్న మేనేజరు లాంటి మనిషి కూడా ఆగి చూశాడంటే ఆ పనిలో ఏదో ఉండి ఉండాలి.

ఆ ఓపికంతా చివరికి ఏమయ్యేది? దుప్పటి! పర్షియన్‌లో పలంగ్‌పోష్ అంటే మంచం మీద కప్పేది. దాన్నే ఇంగ్లీషువాళ్ళు పాలంపోర్ చేశారు. బందరు అన్న మాట కూడా పర్షియన్‌దే, రేవు అని అర్థం. ఈ దుప్పట్ల మీద ఎక్కువగా ఉండే బొమ్మ ఒక పెద్ద చెట్టు. చైనా బొమ్మల్లో కనపడే రాళ్ళగుట్ట మీంచి లేస్తుంది, ఒకే కొమ్మకి పది రకాల పూలు పూస్తాయి, ఆకులు మనవి, పూలలో కొన్ని యూరప్‌వి, అల్లిక ఇరాన్‌ది. ఏ తోటలోనూ మొలవని చెట్టు. లండన్‌లో చలికి ముడుచుకుని పడుకునే కుటుంబం మంచం మీద కృష్ణా తీరం వాళ్ళు ఒక తోట పెంచారు. రంగులు పోవు, ఎన్నిసార్లయినా ఉతుక్కోవచ్చు. అప్పటిదాకా అక్కడి మామూలు జనానికి అద్దకం బొమ్మల బట్టంటే ఎక్కువగా ఉతికితే వెలిసిపోయేదే.

ఈ చిన్న సుఖానికి అక్కడి ప్రభుత్వాలు ఎంత భయపడ్డాయంటే, 1686లో ఫ్రాన్స్ ఈ అద్దకం బట్టల్ని నిషేధించింది. 1700లో ఇంగ్లండు దిగుమతిని ఆపింది, అయినా జనం మానకపోయేసరికి 1721లో ఇంకో చట్టం చేసి కట్టుకోవడాన్నే నేరం చేసింది. తమ ఉన్ని, పట్టు నేతగాళ్ళని కాపాడుకోవడానికి. దుప్పటి కోసం పార్లమెంటులో చట్టాలు! ఫ్రెంచి నిషేధం 1759 దాకా నడిచింది. కాకతాళీయంగా అదే ఏడాది బందరు కోట ఫ్రెంచివాళ్ళ చేతిలోంచి ఇంగ్లీషువాళ్ళకి పోయింది.

ఆ తర్వాతది మనందరికీ తెలిసిన కథే. నిషేధాల చాటున యూరప్ తన అద్దకం తను నేర్చుకుంది, తర్వాత మిషన్లు పెట్టింది. 1864 నవంబరు 1 రాత్రి తుపానుకి సముద్రం ఊరి మీదికొచ్చింది. దాదాపు ముప్ఫైవేలమంది పోయారు. ఆ దెబ్బ నుంచి రేవు మళ్ళీ పాతలా లేవలేదు. నాలుగేళ్ళకి, 1868లో, జర్మనీలో ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు అలిజరిన్‌ని ప్రయోగశాలలో తయారుచేశారు. చిరివేరులో ఎరుపునిచ్చే ముఖ్యమైన పదార్థం కూడా ఈ అలిజరినే. అణువు అదే, కాకపోతే ఇసక అక్కర్లేదు, తవ్వే చేతులు అక్కర్లేదు. కొన్నేళ్ళలోనే డబ్బాల్లో చవగ్గా వచ్చేసింది. చిరివేరు సాగు పోయింది. తుపాను ఒక్క రాత్రిలో చేసింది లోకానికి తెలిసింది, ఈ డబ్బా చేసింది మాత్రం చప్పుడు లేకుండా జరిగింది.

ఇక లడ్డూ సంగతి. బందరు లడ్డూకి ఇంకో పేరు తొక్కుడు లడ్డూ. పేరులోనే పనుంది. సెనగపిండిని పూసలా వేయించి, రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలిపి, నెయ్యి పోస్తూ మళ్ళీ దంచి, అప్పుడు ఉండ కడతారు. బూంది గింజ పంటికి తగిలితే అది బందరు లడ్డూ కాదు. బుందేల్‌ఖండ్ నుంచి వచ్చి స్థిరపడ్డ బొందిలీలు ఈ మిఠాయిని తెచ్చారని చెప్పుకుంటారు. దీని తోబుట్టువు నల్ల హల్వా. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, బెల్లంతో, నెయ్యితో గంటల తరబడి కలుపుతారు. గమనించారా, నానబెట్టడం, వడగట్టడం, ఉడకబెట్టడం, చెయ్యాపకుండా కలపడం... అద్దకంవాళ్ళ గాబు దగ్గరా, మిఠాయివాళ్ళ బాణలి దగ్గరా దాదాపు ఒకే రకం పని, ఒకే రకం ఓపిక. 2017లో బందరు లడ్డూకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మచిలీపట్నం కలంకారీకి అంతకుముందే ఉంది.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. డచ్చి కంపెనీ 1799లో మూతపడింది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1874లో రద్దయింది. మన బందరు వాళ్ళే పెట్టుకున్న గొప్ప సంస్థల్లో 1910లో కోపల్లె హనుమంతరావు గారి ఆధ్వర్యంలో మొదలైన ఆంధ్ర జాతీయ కళాశాల ఒకటి. చదువుతో పాటు చేతిపని కూడా నేర్పాలన్నది దాని ఆశయం, ప్రమోద్ కుమార్ చటర్జీ దగ్గర అడివి బాపిరాజు బొమ్మలు నేర్చుకున్నది అక్కడే. 1923లో పట్టాభి సీతారామయ్య గారు బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, పేరు పోయింది. ఓడలు పోయాయి, కోట శిథిలమైంది. కసిం కుండ మాత్రం ఇంకా పులుస్తూనే ఉంది, లడ్డూ ఇంకా దంచుతూనే ఉన్నారు.

ఎందుకు? నాకు తోచిన కారణం ఇది. పైవాడికోసమే చేసినవి పైవాడితోనే పోయాయి. లండన్ మంచాల కొలతకి వేసిన ఆ చెట్ల దుప్పట్లు ఇవాళ ఎక్కువగా మ్యూజియాల్లో ఉన్నాయి. మనింట్లో ఎవరో ఒకరు కావాలనుకున్నవి నిలబడ్డాయి. పెళ్ళికి లడ్డూ కావాలి, పండక్కి వచ్చిన అల్లుడికి హల్వా కట్టివ్వాలి, మంచానికి దుప్పటి కావాలి, అమ్మకి చీర కావాలి. స్వాతంత్ర్యం వచ్చాక హస్తకళలకి ప్రభుత్వం చేసిన సాయమూ తక్కువది కాదు. కానీ కొనే ఇల్లు లేకపోతే ఏ బోర్డూ ఏ కళనీ ఎల్లకాలం మోయలేదు.

ఇదంతా చదివి 'ఆహా, ఆ రోజులే వేరు' అనుకుంటే మాత్రం నేనొప్పుకోను. ఆ రోజుల్లో కూడా లాభం రేవు దాటి వెళ్ళిపోయింది. దళారీల ద్వారా ముందస్తు డబ్బిచ్చి, ఆ అప్పుతో పనివాళ్ళని కట్టేసుకోవడం కంపెనీల పద్ధతి. మ్యూజియంలో దుప్పటి కింద ఊరి పేరుంటే ఎక్కువ, చేసినవాడి పేరు ఉండదు. ఇవాళ పెడనలో ఆ పనివాళ్ళ పిల్లలు ఇంజనీరింగ్ చదివి హైదరాబాదు, బెంగుళూరు వస్తున్నారంటే తప్పు పట్టే హక్కు మనకెవరికీ లేదు, మనం చేసిందీ అదేగా. పని నిలబడాలని కోరుకునేవాళ్ళు ముందు ఆ పనికి తగిన కూలి ముట్టాలని కోరుకోవాలి.

కాబట్టి చేయగలిగింది చిన్నదే. ఈసారి కలంకారీ అని ఎవరైనా చూపిస్తే కాస్త దగ్గరగా చూడండి. అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి తప్పి ఉంటే అది చేత్తో అద్దింది కావచ్చు. మీటర్ల కొద్దీ ఒక్క తేడా కూడా లేకుండా ఉంటే మిషను మీద కొట్టినదే అయ్యుంటుంది, దానికి కలంకారీ ధర పెట్టకండి. చేత్తో అద్దిందైతే బేరం కొంచెం తగ్గించి ఆడండి. ఆ నలుపులో మూడు వారాలు పులిసిన బెల్లం ఉంది, గేదెపాలున్నాయి, ఒక ఇంటిల్లిపాది ఎండలో నిలబడ్డ రోజులున్నాయి. లడ్డూకైతే ఈ ఉపన్యాసం అక్కర్లేదనుకోండి, ఎలాగూ బేరమాడకుండానే కొంటాం!