కోళ్లలో సాల్మొనెల్లా: జబ్బు మూలాన్ని ఎలా పట్టుకుంటారు? రైతు దగ్గర ఏ లెక్కలు ఉండాలి?

ఉప్మాక, నక్కపల్లి చుట్టుపక్కల పల్లెల్లో పెరట్లో పది, ఇరవై కోళ్లు పెంచి, గుడ్లు ఊళ్లోనే అమ్ముకునే రైతులు ఉన్నారు. ఏదైనా విందులో తిన్న నలుగురికి వాంతులు, విరేచనాలు అయితే ముందుగా అనుమానం వెళ్లేది కోడి మీద, గుడ్డు మీద. ఆ సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకపోతే ఊళ్లో అందరి గుడ్లకూ గిరాకీ పడిపోతుంది. లెక్కలు రాసుకున్న రైతుకు ఆ నష్టం తక్కువ.

సాల్మొనెల్లా అంటే

ఇది కోళ్ల పేగుల్లో ఉండే బాక్టీరియా. ఇందులో చాలా రకాలున్నాయి.

- పుల్లోరం (తెల్ల పారుడు), ఫౌల్ టైఫాయిడ్ రకాలు కోళ్లను చంపుతాయి. మనుషులకు సాధారణంగా సోకవు.
- ఎంటరైటిడిస్, టైఫిమ్యూరియం రకాలు ఉన్న కోడి పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. తిన్న మనిషికి మాత్రం జబ్బు చేస్తుంది. ఎంటరైటిడిస్ కోడి అండాశయంలో చేరితే, పెంకు పగలని శుభ్రమైన గుడ్డు లోపల కూడా ఉండవచ్చు.

మనుషులకు వచ్చే టైఫాయిడ్ వేరు. అది కోళ్ల నుంచి రాదు.

మూలాన్ని ఎలా పట్టుకుంటారు?

1. రోగి మలాన్ని పరీక్షించి ఏ రకం బాక్టీరియానో తేలుస్తారు.
2. సాధారణంగా తిన్న 6 గంటల నుంచి 6 రోజుల్లోపు లక్షణాలు కనిపిస్తాయి. అందుకే గత వారం రోజుల్లో ఏం తిన్నారో అడుగుతారు.
3. జబ్బుపడిన అందరూ తిన్న పదార్థం ఏదో చూసి, అది కొన్న దుకాణానికి, అక్కడి నుంచి ఫారానికి వెళ్తారు.
4. ఫారంలో రెట్ట, లిట్టర్, దాణా, నీటి నమూనాలు తీస్తారు. రోగిలో దొరికిన రకమే అక్కడా దొరికితే మూలం తేలినట్టే.

2010లో అమెరికాలో ఇలాగే జరిగింది. వేర్వేరు హోటళ్లలో తిని జబ్బుపడిన వారి వివరాలు చూస్తే, ఆ హోటళ్లలో చాలా వాటికి గుడ్లు అయోవా రాష్ట్రంలోని ఒకే సంస్థ నుంచి వచ్చాయి. అక్కడి దాణాలోనూ అదే బాక్టీరియా దొరికింది. 50 కోట్లకు పైగా గుడ్లను మార్కెట్ నుంచి వెనక్కి రప్పించారు.

మన దగ్గర, కలుషిత ఆహారం ఫిర్యాదుల తర్వాత తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30 నుంచి పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. బాగా ఉడికిన గుడ్డుతో ఆ భయం లేదు.

పుస్తకంలో రాయాల్సినవి

- పిల్లలను ఎవరి దగ్గర, ఏ రోజు, ఎన్ని కొన్నారు
- దాణా కొన్న తేదీ, బస్తా మీది బ్యాచ్ నంబరు
- వేసిన టీకాలు, వాడిన మందులు
- రోజూ చనిపోయిన కోళ్ల సంఖ్య
- గుడ్లు, కోళ్లు ఎవరికి, ఏ రోజు అమ్మారు

దాణా బిల్లులు, బస్తాల లేబుళ్లు పారేయకండి. తప్పు దాణాలోనో, పిల్లల్లోనో ఉంటే అది చూపేవి అవే.

పాటించాల్సిన జాగ్రత్తలు

- కొత్తగా తెచ్చిన కోళ్లను 2–3 వారాలు విడిగా ఉంచాలి.
- ఎలుకలు ఈ బాక్టీరియాను మోస్తాయి. దాణాను మూత ఉన్న డబ్బాలో ఉంచాలి.
- గుడ్లను రోజూ ఏరాలి. రెట్ట అంటినవి, పగిలినవి అమ్మకూడదు.
- కోళ్లను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఐదేళ్లలోపు పిల్లలను కోడిపిల్లలతో ఆడనివ్వకూడదు.
- గుడ్డు సొన గట్టిపడే వరకు, మాంసం లోపలి దాకా ఉడికించాలి.
- డాక్టరు చెప్పకుండా యాంటీబయాటిక్ వేయకూడదు. వేస్తే బాక్టీరియా మందుకు లొంగకుండా తయారవుతుంది, పరీక్షలోనూ సరిగా దొరకదు. కొలిస్టిన్‌ను మేత పశువులు, కోళ్లలో వాడటాన్ని కేంద్రం 2019లోనే నిషేధించింది.

అనుమానం వస్తే

పచ్చగా పారుతున్న కోళ్లన్నిటికీ కొక్కెర వ్యాధి అనుకోకండి. ఫౌల్ టైఫాయిడ్‌లోనూ అలాగే పారుతుంది. వరుసగా చనిపోతుంటే అమ్మకం ఆపి, రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకునికి చెప్పండి, లేదా 1962కు ఫోన్ చేయండి. అప్పుడే చనిపోయిన కోడిని పశువైద్యునికి చూపిస్తే పరీక్షకు పంపుతారు. మిగతా వాటిని లోతైన గుంతలో సున్నం చల్లి పూడ్చాలి. చెరువు గట్టున పడేయకూడదు.