పాట చరిత్రలో శ్రోత స్థానం

దక్షిణ అండమానులో గరాచర్మ అని ఒక ఊరున్నది. పోర్టు బ్లెయిరు అని చిరకాలం పిలువబడి, 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురమని పేరు మారిన రాజధానికి అది కొన్ని మైళ్ళ దూరం. 1978లో ఏర్పడిన ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ వల్ల ఆ ఊరి పేరు శాస్త్రజ్ఞులకు పరిచితమే గాని, సాహిత్యపరులు దానిని తలచుకొనవలసిన సందర్భం అంతగా కలుగలేదు. చలనచిత్ర సంగీతాన్ని గురించిన ఈ వ్యాసం ఆ ఊరితో ఆరంభించుటకు కారణం కలదు. 2011 జనగణన ప్రకారం ఆ ద్వీపాలలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళాల తరువాత స్థానం మనదే. వారిలో పెక్కుమంది శ్రీకాకుళం, విశాఖపట్టణం తీరాలనుండి ఓడలెక్కి వచ్చినవారు, వారి సంతతివారు. తెలుగు పాట తెలుగునేలకు దూరమైనప్పుడు ఏమగునో తెలిసికొనుటకు ఇంతకంటె తగిన తావు అరుదు.

అటువంటి ఒక ఇంటి సాయంకాలాన్ని ఊహించుకొందాము. ప్రక్క ఇంటినుండి బెంగాలీ పాట, ఎదుటి ఇంటినుండి తమిళ పాట, వీధిలో అందరికీ ఉమ్మడియైన హిందీ పాట వినవచ్చుచున్నవి. ఈ ఇంటిలో మాత్రం సాలూరి రాజేశ్వరరావు కూర్చిన ఒక పాత తెలుగు పాట మ్రోగుచున్నది. ఆ పాటలో వయొలిన్ల బృందమున్నది, ఐరోపా వాద్యఫణితి ఉన్నది, వంగదేశపు భావగీతాల నీడ ఉన్నది. వినుచున్న ముసలమ్మ కన్ను చెమర్చినది. ఆ కన్నీరు దేనికి? రాగానికా, మాటకా, గొంతుకా, లేక వదలివచ్చిన ఊరికా?

ఈ ప్రశ్నకు మన చరిత్రలలో సమాధానం దొరకదు. పాట వ్రాసినవానిని, కూర్చినవానిని, పాడినవానిని గురించి మనకు గ్రంథాలున్నవి. బాలాంత్రపు రజనీకాంతరావుగారి ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’నకు 1961లో సాహిత్య అకాడమీ బహుమానం లభించినది; అది తగిన గౌరవమే. కాని పాట విన్నవాని చరిత్ర ఎవ్వరును వ్రాయలేదు. అలంకారశాస్త్రం సహృదయునికి సింహాసనం వేసినది. రసం కావ్యంలో కాక సహృదయుని హృదయంలో సిద్ధించునని మనం పాఠాలు చెప్పుకొందుము. అట్టి సహృదయుడు సినిమాపాట వినుచు తారసపడినప్పుడు మాత్రం వానిని మొగమెత్తి చూడము. పైగా రెండు నిందలు మోపుదుము: ఆ సంగీతం కలగూరగంప, ఆ కన్నీరు చౌక. ఈ రెండు నిందలను ఒకింత పరిశీలించుట ఈ వ్యాసోద్దేశం.

దేశదేశాల సంగీతం కలిసిన చిత్రం అనగానే దక్షిణాదిని మొదట జ్ఞాపకం వచ్చేది ‘చంద్రలేఖ’. జెమినీ అధిపతి ఎస్.ఎస్. వాసన్ 1943లో ఆరంభించిన ఆ చిత్రం అయిదేండ్లకు, 1948 ఏప్రిలులో తమిళంలో, ఆ సంవత్సరాంతంలో హిందీలో విడుదలైనది. సంగీతం సమకూర్చినవారిలో ప్రధానుడు రాజేశ్వరరావు, ఎం.డి. పార్థసారథి తోడ్పడినాడు. కర్ణాటక, హిందూస్థానీ బాణీలు, జానపదాలు, వాటి సరసనే ఐరోపా వాల్ట్జు నడక, లాటిన్ అమెరికా లయలు, పోర్చుగీసు, స్పెయిను జానపదుల ఛాయలు ఆ ఒక్క చిత్రంలో ఇమిడినవి. చివరనున్న భేరీనృత్యాన్ని చూచినవారు మరువలేరు. బ్రహ్మాండమైన భేరులమీద నర్తకులు వందలాదిగా ఆడుదురు; పిమ్మట ఆ భేరుల కడుపులలోనుండి సైనికులు వెలువడుదురు. అక్కడ శ్రోతను పట్టి ఉంచునది భాష కాదు, కథ సైతం కాదు, లయ. తమిళమెరుగనివారు, హిందీ ఎరుగనివారు కూడ ఒక్కతీరున ఊపిరి బిగబట్టగల దృశ్యమది. భరతుడు దీనికి పేరు పెట్టియే ఉన్నాడు: స్థాయి విస్మయం, రసం అద్భుతం.

ఆ సంగీతాన్ని కూర్చినవాడు ఎక్కడివాడు? సాలూరుకు చేరువనున్న శివరామపురం అతని జన్మస్థలం. అది ఇప్పటి పార్వతీపురం మన్యం జిల్లా. తండ్రి సన్యాసిరాజు మృదంగ విద్వాంసుడు, ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలినుకు ప్రక్కవాద్యం వాయించినవాడు. రాజేశ్వరరావు బాల్యంలోనే గ్రామఫోను రికార్డులకు పాడినాడు. 1935లో ‘శ్రీకృష్ణలీలలు’ చిత్రంలో బాలకృష్ణుడైనాడు. తరువాత కలకత్తాలో కొంతకాలముండి పంకజ్ మల్లిక్, సైగల్ వంటివారి సన్నిధిని వంగదేశపు సంగీతాన్ని, ఉత్తరాది గానాన్ని చెవినిండ నింపుకొన్నాడు. ఇది తన ఊరి పాట విడిచి పరుల పాటకు పోయినవాని కథ అని కొందరికి తోచవచ్చును. నిజానికి అతని ఊరి పాటే అప్పటికి కలగలుపు.

ద్వారంవారి చేతిలోని వయొలిను ఎక్కడిది? ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులవారు తెల్లదొరల వాద్యాన్ని నేర్చి కర్ణాటక సంగీతానికి అలవరచి నేటికి రెండువందల యేండ్లు దాటినది. విజయనగరం సంగీత కళాశాలలో ద్వారంవారు వాయించేనాటికి అది పరదేశి వాద్యమని ఎవరికి జ్ఞాపకమున్నది? హార్మోనియం కథ ఇంకను విచిత్రం. పందొమ్మిదవ శతాబ్దిలో ఫ్రాన్సులో రూపుగొని మనకు వచ్చిన ఆ పెట్టె లేనిదే మన పద్యనాటకం లేదు. కాటిసీనులో హరిశ్చంద్రుడు రాగం తీయగా కళ్ళొత్తుకొన్న పల్లెజనుల చెవిలో ఆ పద్యంతోపాటు ఆ హార్మోనియం శ్రుతియు మ్రోగినది. దాని స్వరాలు మన గమకాలకు ఒదగవని 1940లో అఖిల భారత రేడియో దానిని వెలివేసినది. ఆ నిషేధం మూడు దశాబ్దాలు సాగినది. శాస్త్రరీత్యా ఆ ఆక్షేపణ తప్పు కాదు. కాని నాటకపు పందిరిలో కూర్చున్నవానిని ఎవరును అడుగలేదు. అడిగియున్న, ఆ పెట్టె తన దుఃఖానికి గొంతుక అయినదని చెప్పియుండును.

శ్రోతను అడుగకుండుట రేడియోలో మరియొకమారు జరిగినది. ఈమారు శ్రోత తానే సమాధానమిచ్చినాడు. 1952లో సమాచార శాఖామాత్యులైన బి.వి. కేస్కర్, పాశ్చాత్య బాణీల కలయికతో సినిమాపాట దేశసంగీతాన్ని చెరచుచున్నదని భావించి, ఆకాశవాణిలో దానికి చోటు కుదించినారు. కొలదికాలానికి ఆ పాట దాదాపు వినరాకుండ పోయినది. శ్రోతలు నిరసనసభలు చేయలేదు. రేడియో ముల్లు త్రిప్పినారు. కొలంబోనుండి ప్రసారమయ్యే రేడియో సిలోను ఇంటింటికి చుట్టమైనది. ఆ ఏడే అక్కడ హిందీ పాటల ‘బినాకా గీత్‌మాలా’ మొదలు కాగా, తొలి కార్యక్రమానికే తొమ్మిదివేల ఉత్తరాలు వచ్చినవని వ్యాఖ్యాత అమీన్ సయానీ పలుమార్లు చెప్పియున్నాడు. తరువాతికాలంలో ఆ సిలోనునుండియే తెలుగు పాటలను వినిపించిన మీనాక్షి పొన్నుదురై కంఠం తెలుగువారికి ఇంటి ఆడపడుచు కంఠమైనది. చివరకు 1957 అక్టోబరు 3న వివిధభారతిని ఆరంభించి ప్రభుత్వం శ్రోతవద్దకే తిరిగి వచ్చినది.

కేస్కర్‌గారికి న్యాయం చేయవలెను. సంస్థానాలు అంతరించి పోషకులు లేక అలమటించు శాస్త్రీయ విద్వాంసులకు ఆకాశవాణి ఆశ్రయమైనది. సినిమాపాటకు బదులుగా పెంపొందింపబడిన లలితసంగీతం తెలుగులో రజనివంటివారి చేతులలో మేలిమి గీతాలనిచ్చినది. ఆయన పొరపాటు సంగీతజ్ఞానంలో లేదు. శ్రోతను విద్యార్థిగా ఎంచుటలో ఉన్నది. మంచి సంగీతం వినిపించిన క్రమంగా అభిరుచి మారునని ఆయన నమ్మకం. అభిరుచి మారవచ్చును. కాని శ్రోత పాటవద్దకు వచ్చుట అభిరుచి కొరకే కాదు. పగలెల్ల పనిచేసి వచ్చినవాడు తనలో పేరులేక మిగిలిన బాధకు ఒక ఆకారం కోరి వచ్చును. ఆ ఆకారం ఏ దేశపు వాద్యంతో చేయబడినదని అతడు విచారింపడు.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. ‘చంద్రలేఖ’ వచ్చిన మూడేండ్లకు, 1951లో, బి.ఎన్. రెడ్డి ‘మల్లీశ్వరి’ వచ్చినది. సంగీతం అదే రాజేశ్వరరావు. మాట దేవులపల్లి కృష్ణశాస్త్రి. విడిపోయిన నాగరాజు, మల్లి మబ్బును దూతగా చేసికొని పాడుకొను పాట వినని తెలుగువాడుండడు. ‘చంద్రలేఖ’ నేర్పిన వాద్యబృంద నిర్వహణ ఇందు ఉన్నది, కలకత్తా ఇచ్చిన మార్దవమున్నది. ఐనను ఇది పరదేశపు సంగీతమని ఎవరికిని తోచదు. 1953లో చైనాలో ప్రదర్శింపబడినప్పుడు అక్కడివారికి మాట తెలియదు. స్వరమే దారి చూపవలసి వచ్చియుండును.

ఒకే స్వరకర్త, ఒకే విధమైన కలగలుపు. మొదటిది ఆశ్చర్యపరచినది, రెండవది ఏడిపించినది. భేదమెక్కడ? నాకు తోచినది ఇది. పరదేశపు స్వరం మొట్టమొదట చెవికి చేరునప్పుడు విస్మయమే కలిగించును, అతిథివలె గుమ్మంలో నిలుచును. అది కరుణగా మారుటకు శ్రోత లోపల దానికి కూర్చొన చోటు కావలెను. ఆ చోటు పేరు జ్ఞాపకం. తెలిసిన మాట, తెలిసిన గొంతు, తెలిసిన వియోగం ఆ చోటును చూపును. ‘శాకుంతలం’ అయిదవ అంకంలో హంసపదిక పాట విని దుష్యంతుడు అకారణంగా బెంగపడును. తాను మరచినదేదో అతనికి తెలియదు, పాటకు తెలియును. కాళిదాసు చూపిన ఆ శ్రోతే సినిమా శ్రోతలందరికి పూర్వుడు. చౌక కన్నీరని మనం త్రోసివేయునది పెక్కుమార్లు మరచినదాని బాకీ.

మరల గరాచర్మకు పోదము. 1858లో శిక్షావాసంగా మొదలైన ఆ ద్వీపసమాజంలో ఖైదీల సంతతి ఉన్నది. రాంచీ ప్రాంతంనుండి కూలికి వచ్చినవారు, బర్మానుండి వచ్చిన కరెనులు, తూర్పు బెంగాలు కాందిశీకులు, తమిళులు, మలయాళులు, తెలుగువారు ఉన్నారు. ఖైదీలైన తొలితరాలవారు కులం, భాష చూడక పెండ్లాడి, హిందూస్థానీని ఇంటిభాషగా చేసికొన్నారు. అటువంటి నేలలో పెరిగిన చెవికి కలగలుపు అనునది నింద కాజాలదు. ఊరి లక్షణమే అది. పోర్టు బ్లెయిరులో ఆకాశవాణి కేంద్రం 1963లో వెలసినది. అంతకు పూర్వం పాటకు దూరతీరాల కేంద్రాలే దిక్కు. సముద్రంమీదుగా, గరగరల నడుమ, పెరుగుచు తరుగుచు వచ్చిన పాటను వినుటకు, మదరాసు నడిబొడ్డున హాలులో కూర్చొని వినుటకు ఎంత భేదం!

మరియొక సంగతి కలదు. ఉత్తరాంధ్ర తీరంనుండి ద్వీపాలకు పోయిన జాలరులు, కూలీలు, చిరుద్యోగులు, శివరామపురం సన్యాసిరాజు కుమారుడు ఇంచుమించు ఒకే సీమవారు. అతడు కలకత్తాకు, మదరాసుకు పోయి లోకపు స్వరాలను తెలుగులోనికి తెచ్చినాడు. వారు తెలుగును లోకంలోనికి, నల్లనీటికి ఆవలికి తీసికొనిపోయినారు. వలస వచ్చిన స్వరం వలస పోయిన చెవిని కలిసికొన్నప్పుడు పుట్టిన కన్నీరు అది. అందులో రాగమెంత, ఊరెంత అని విడదీయబూనుట పాలలో నీరు వెదకుట వంటిది.

కాబట్టి రచయితలకు నా మనవి ఒకటి. రాజేశ్వరరావు 1999లో గతించినాడు. అతని రికార్డులున్నవి, చిత్రాలున్నవి, అతనిని గురించిన వ్యాసాలున్నవి. ఓడలలో పోయి ద్వీపాలలో స్థిరపడిన తొలితరం శ్రోతలు వృద్ధులైనారు. ఏ పాట వినగా ఏ ఊరు తలపునకు వచ్చెనో, ఏ గొంతు వినగా ఏ తల్లి జ్ఞప్తికి వచ్చెనో వారు చెప్పకపోయిన మరెవ్వరును చెప్పలేరు. ఆ మాటలు ఏ రికార్డులోను లేవు. వారి పిల్లలు హిందీలో పలుకరించుచున్నారు. మనుమలకు ఆ పాటల మాట సగమే తెలియును. స్వరకర్త చరిత్రకు తొందర లేదు, అది నిలిచి ఉండును. శ్రోత చరిత్రకు వ్యవధి తక్కువ. కాగితం, కలం తీసికొని గరాచర్మవంటి ఊళ్ళకు పోయి, ఒక్కొక్క ముంగిట కూర్చొని, “అమ్మా, నీవు చిన్ననాడు ఏ పాట వింటివి?” అని అడుగువారు కావలెను. ఆ ప్రశ్నకు వచ్చు సమాధానం తెలుగు సాహిత్య చరిత్రలో ఇంతవరకు తెల్లగా మిగిలిపోయిన పుట.