గిండీ సరస్వతికి రెండు వందల యేండ్లు

మన గిండీ ఇంజనీరింగు కళాశాల ద్విశతాబ్ది (1994) సందర్భమున వెలువడు ఈ ప్రత్యేక సంచికకు తెలుగున ఒక వ్యాసము వ్రాసి యిమ్మని సంపాదకవర్గమువారు కోరినప్పుడు, వార్ధక్యముచేత చేయి వణకుచున్నను, కాదనుటకు నాకు నోరు రాలేదు. ఇంజనీర్లు వ్రాయు చరిత్రలలో కట్టడముల కొలతలు మిగులును గాని మనుష్యులు మిగులరు. నేను ఆ సంప్రదాయమును కొంత తప్పి నడచినచో పెద్దలు మన్నింతురు గాక.

1794 మే 17వ తేదీన చెన్నపట్టణపు సెంట్ జార్జి కోటలో ఎనిమిదిమంది బాలురతో ఒక సర్వే పాఠశాల మొదలైనది. కుంఫిణీవారు దానిని విద్యాదానబుద్ధితో స్థాపించిరని చెప్పుట మర్యాదయే గాని సత్యము కాదు. టిప్పు సుల్తానుతో యుద్ధము ముగిసి 1792లో క్రొత్తగా చేజిక్కిన సీమలను కొలువక శిస్తు నిర్ణయించుట గాని, బాటలెరుగక దండు నడపుట గాని వారికి సాధ్యము కాదయ్యెను. కొలుచుటకు సీమనుండి దొరలను రప్పించుట మిక్కిలి ఖర్చుతో కూడినపని. అందుచేత ఇచటి కుర్రవాండ్రకే గొలుసు పట్టుట నేర్పిరి. ఆ పాఠశాల స్థాపకుడు మైకేల్ టాపింగు నావికా సర్వేయరు, జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు. మన కోరంగి తీరమును, కృష్ణా గోదావరీ ముఖద్వారములను కొలిచి, ఆ నదుల నీటిని పొలములకు మళ్ళించు యోచన చేసినవాడు. బడి పెట్టిన రెండేండ్లకే, 1796లో, మచిలీపట్టణమున కన్నుమూసెను. గిండీ సరస్వతిని నెలకొల్పినవాడు తెలుగు మన్నులో కలసిన సంగతి మనవారిలో ఎందరెరుగుదురో నాకు సందేహమే.

అటుతరువాత 1802 ఏప్రిలులో, ఇప్పటి మన కళాశాలకు కూతవేటు దూరముననున్న పరంగిమలవద్ద, లాంబ్టను అను సైనికాధికారి ఏడున్నర మైళ్ళ ఆధారరేఖను కొలుచుటకు ఆరంభించెను. యావద్భారతమును త్రిభుజములుగా కొలిచిన మహాకార్యమునకు అది శ్రీకారము. మదరాసు ఇంజనీర్ల దళమునకు చెందిన కాలిన్ మెకంజీ 1799లో శ్రీరంగపట్టణపు ముట్టడిలో పాల్గొని, ఆ వెనుక మైసూరు సీమను కొలిచి, 1815లో భారతదేశమునకు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యెను. ఆ ఇంజనీరుదొర ఊరూర కైఫీయతులు సేకరింపజేయకున్నచో మన గ్రామచరిత్రలలో సగము నేడు మనకు దక్కకుండెడివి. సేకరించినవారు మాత్రము ఏలూరు వాస్తవ్యులైన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు. దొరగారి పేర వ్రాతప్రతుల భాండాగారము వెలసినది. సోదరుల పేర ఒక వీధియైనను ఉన్నట్లు నేను వినలేదు.

ఆ మదరాసు ఇంజనీర్ల దళముననే చేరి 1821లో చెన్నపట్టణమున దిగిన ఆర్థర్ కాటను బర్మాయుద్ధమునకు వెళ్ళివచ్చి, 1836లో కొల్లడముపై ఆనకట్ట కట్టి, పిమ్మట 1847 మొదలు 1852 వరకు గోదావరికి అడ్డుగా ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరముల నాలుగు పాయలపై ఆనకట్టను నిలిపెను. నందన కరువులో, అనగా 1832-33లో, జనము డొక్కలెండి చచ్చిన సీమ అది. మన పెద్దలు కాటను దొరను స్నానసంకల్పములో తలచుకొనిరన్నచో అందు అతిశయోక్తి లేదు. ఆయన కుడిభుజమువలె మెలగిన వీణెం వీరన్నగారిని మన గోదావరివారు మరువలేదు, అది మేలు. బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట ఓర్ దొర చేతిమీదుగా 1855కు పూర్తియైనది. ఈ కట్టడములు సైనికులు కట్టినవే గాని, కట్టిన పిమ్మట లాకులు తీయుటకు, కాల్వగట్లు కాచుటకు, ఎస్టిమేట్లు వేయుటకు సైనికులు చాలరైరి. ఆ అవసరమునుండియే పాత సర్వే బడి 1859కి కెప్టెన్ విన్స్కోము నాయకత్వమున సివిల్ ఇంజనీరింగు కళాశాలగా మారి, చేపాకములోని కలశ మహలులో కుదురుకొన్నది.

అక్కడినుండి డెబ్బదియేండ్ల కథను ఒక్క వాక్యములో చెప్పవచ్చును: 1894లో మెకానికల్ శాఖ చేరినది, 1920లో కళాశాల గిండీకి తరలినది, 1930లో ఎలక్ట్రికల్ శాఖ వచ్చినది. కాని ఆ డెబ్బదియేండ్లలోనే మనవారు మ్రింగిన చేదు ఒకటి కలదు. 1872లో ఇంగ్లండులో కూపర్స్ హిల్ అనుచోట మన దేశపు పబ్లిక్ వర్క్సు శాఖకు ఇంజనీర్లను తయారుచేయుటకే ఒక కళాశాల తెరిచి, 1906లో మూసివేయువరకు పెద్ద కొలువులలో అత్యధికము అచటివారికే కట్టబెట్టిరి. మన కళాశాలలో చదివిన తెలివిగల కుర్రవాడు ఓవర్సీరుగా చేరి, ఓవర్సీరుగానే తల నెరిసి పింఛను పుచ్చుకొనుచుండెను. కాల్వ ఎక్కడ గండిపడునో, ఏ తూము వానకు ముందే కారునో ఆతనికి తెలియును. సంతకము మాత్రము మరొకరిది.

ఇక నేనెరిగిన, ఇచట చదువుకొన్న కాలము. 1942 ఏప్రిలు 6న జపానువారి బాంబులు విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను పడినవి. ఆ నెలలోనే చెన్నపట్టణము ఖాళీ కాసాగినది; సెంట్రల్ స్టేషనులో మూటలు, ముసలివాండ్రు, పంజరములలో చిలుకలు. మా అమ్మ ఇంటికి రమ్మని ఉత్తరముపై ఉత్తరము వ్రాయించెను. ఇంటికి వెళ్ళినవారు కొందరు తిరిగి రాలేదు. ఉండినవారికి సెలవులు కుదించి, సైన్యమునకు ఇంజనీర్లు తొందరగా కావలెనని చదువును ముందుకు నెట్టిరి. ఆ తొందరయే ఒక శుభమునకు కూడ కారణమైనది. ఎలక్ట్రికల్ ఆచార్యులు పప్పు సుబ్బారావుగారి కుమార్తె లలితగారు పదునైదవ యేట పెండ్లియై, పసిబిడ్డ చంకనుండగనే వైధవ్యము పొంది, తండ్రిగారి ప్రోత్సాహముచేతను ప్రిన్సిపాలు చాకోగారి సాహసముచేతను 1940లో ఇచట చేరిరి. సివిల్ శాఖలో ఒక సంవత్సరము వెనుక చేరిన లీలమ్మ జార్జి, థ్రెసియాగారలు, చదువు కుదించబడుటచేత, ఆమెతో సమముగనే పట్టములు పొందిరి. లలితగారు తరువాత కలకత్తాలో ఉండి భాక్రా నంగల్ విద్యుత్తును దూరప్రాంతములకు చేర్చు తీగెమార్గముల రూపకల్పనలో పాలుపంచుకొనిరి. థ్రెసియాగారు కేరళలో చీఫ్ ఇంజనీరైరి. మా తరగతులలో కొందరు వారిని చూచి మొదట ఇకిలించినవారే. లెక్కలలో వెనుకబడిన పిమ్మట ఆ ఇకిలింపు ఆగినది.

ఆ రోజులలో మాకు నిజమైన గురువు వర్కుషాపులోని ఒక వృద్ధ మేస్త్రి. నెల్లూరు ప్రాంతపు వాడు. ఆకురాయి చేతబట్టి కోపముతో రాచుచున్న నన్ను చూచి, ‘బాబుగారూ, ఇనుము మీకు పగవాడు గాదు, నిమ్మళంగా’ అనెడివాడు. ఆయనకు చదువు రాదు. చేతివ్రేళ్ళతో తడిమి ఉపరితలపు మిట్టపల్లములు చెప్పెడివాడు, తరువాత మేము గేజి పెట్టి చూచినచో ఆ మాటయే నిజము.

పట్టము చేతికి రాగానే మాలో కొందరము బెంగుళూరు చేరితిమి. 1780 సెప్టెంబరు 30న మొదలైన మదరాసు సాపర్ల దళమునకు అది స్థావరము. అచట నేర్చినది పుస్తకములలో లేని ఇంజనీరింగు. బెయిలీ వంతెన పలక పదియడుగుల పొడవు, ఆరుగురు మోయుదురు, చీకటిలో దీపము లేక, మాట లేక, మేకు మేకు కొట్టి తెల్లవారులోపల ట్యాంకులు దాటునట్లు నిలుపవలెను. 1944 డిసెంబరులో బర్మాలోని కలేవావద్ద చిండ్విను నదిపై 1,154 అడుగుల తేలు వంతెన వెలసినప్పుడు, బెయిలీ వంతెనలలో ప్రపంచమున అంత పొడవైనది వేరొకటి లేదు. మాలో ఇద్దరు మిత్రులు ఆ అడవులలోనే మలేరియాకు బలియైరి.

యుద్ధము ముగిసి నేను ఒక ప్రభుత్వశాఖలో చేరితిని. దాని పేరు చెప్పుట ఇచట అప్రస్తుతము. రాత్రికి రాత్రి వంతెన నిలుపుటకు అలవాటుపడినవానికి నూరేండ్లు నిలువవలసిన తూముకు సున్నము ఎన్ని దినములు నాననీయవలెనో తెలియలేదు. అది నాకు నేర్పినవారు మరల ఓవర్సీర్లే. సైన్యములో గడిపిన సంవత్సరములు మా సీనియారిటీలో లెక్కకు వచ్చునని తొలుత చెప్పి, ఉత్తర్వు వచ్చునప్పటికి రావని తేల్చిరి. యుద్ధమునకు వెళ్ళక ఇచటనే ఉండినవారు మాకు పై అధికారులైరి. అర్జీలు పెట్టితిమి. దేశసేవకు ప్రతిఫలము కోరరాదని ఒక పెద్దమనిషి హితవు చెప్పెను. ఆయన సైన్యమునకు వెళ్ళినవాడు కాడు. ఇది ఉత్సవసమయమున అనవలసిన మాట కాకపోవచ్చును, అయినను పోయిన మిత్రులు కొందరు ఈ బాధతోనే పోయిరి గావున వ్రాసితిని.

మన కళాశాల విద్యార్థియైన కానూరి లక్ష్మణరావుగారి కీర్తిని నేను వేరుగ చెప్పవలసిన పనిలేదు. కంకిపాడునుండి వచ్చి, చిన్ననాడే ఒక కంటిచూపు పోయినను, ఇచట చదివి, బర్మింగ్‌హాములో డాక్టరేటు పొంది, నాగార్జునసాగరమునకు ప్రాణమై నిలిచి, కేంద్రమంత్రియైరి. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన ఆ 124 మీటర్ల రాతికట్టడము యంత్రములకంటె మనుష్యుల నెత్తులమీదనే లేచినది.

తెలుగునాట ఒక ఇంజనీరింగు కళాశాల కావలెనన్న మొర ఎన్నడో వినిపించినను, నిజాము రాజ్యమున ఉస్మానియాకు 1929లోనే లభించినది, కోస్తావారికి 1946 వరకు లభింపలేదు. విశాఖలో పుట్టి కాకినాడకు తరలిన ఆ కళాశాలయే పాంబను వంతెనను 46 దినములలో మరల నిలబెట్టిన శ్రీధరనుగారిని తీర్చిదిద్దినదని విన్నప్పుడు మన చెల్లెలు గెలిచినంత సంబరపడితిని.

ఓవర్సీరు తరగతులలో చదివి వెళ్ళినవారి పేర్లు ఎవరి ఇండ్లలోనైనను, పాత పట్టములమీదనో పింఛను కాగితములమీదనో మిగిలియుండినచో, వారి మనుమలు వాటి నకళ్ళు సంపాదకులకు పంపవలసినదిగా ప్రార్థించుచున్నాను.